చల్లారిన అగ్నికొండ

పిల్లలూ! మీరు క్యూర్‌పిప్‌లోని త్రూ ఓ సెర్ చూశారా? అది గిన్నెవంటి పెద్ద గుంట. దాని చుట్టూ చెట్లు ఉన్నాయి. అక్కడ ఇప్పుడు పక్షులు కూస్తున్నాయి. కాని ఒకప్పుడు ఆ గుంటలోనుండి ఎర్రని లావా పైకి వచ్చింది. మన మారిషస్ ద్వీపం అగ్నిపర్వతాలవల్లనే ఏర్పడింది. చెరకు పొలాలలో మీరు చూచే నల్లరాళ్ళు చల్లారిన లావాయే. ఆ రాళ్ళను ఏరి కుప్పలు వేసినవారిలో మన ముత్తాతలు కూడా ఉన్నారు.

ఇటువంటి నల్లరాళ్ళున్న కొండ ఒకటి అమెరికాలోను ఉన్నది. రండి, దానిని చూచి వద్దాము.

కాలిఫోర్నియా రాష్ట్రంలో డబ్లిన్ అనే ఊరు ఉన్నది. ఆ ఊరిలో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మన ముత్తాతలు ఓడలెక్కి కూలిపనికి వచ్చారు. అక్కడివారు విమానాలెక్కి చదువులకు, కంప్యూటరు ఉద్యోగాలకు వెళ్ళారు. దారులు వేరు, భాష ఒక్కటే.

ఒక సెలవు రోజున మీరు డబ్లిన్‌లో ఉన్నారనుకోండి. కారులో వాయవ్య దిక్కుగా బయలుదేరండి. ఓక్లాండు నగరం పక్కన కొండల వరుస కనిపిస్తుంది. అక్కడ సిబ్లీ అగ్నిపర్వత ఉద్యానం ఉన్నది. దానిని 1936లో ఉద్యానంగా తెరిచారు. ఉద్యానాల కోసం పాటుపడిన రాబర్టు సిబ్లీ అనే ఆయన పేరును తరువాత దానికి పెట్టారు.

గట్టి చెప్పులు వేసుకోండి. మంచినీళ్ళు పట్టుకోండి. కాలిబాట విడిచి పొదలలోకి పోకండి. అక్కడ మూడేసి ఆకులుండే పాయిజన్ ఓక్ అనే మొక్క ఉంటుంది. దానిని తాకితే ఒళ్ళంతా దురద పుడుతుంది.

ఈ కొండలలో పెద్దవాటిలో ఒకటి రౌండ్ టాప్. దాని ఎత్తు 1,763 అడుగులు. సుమారు ఒక కోటి సంవత్సరాల క్రిందట ఇక్కడ అగ్నిపర్వతం ఉండేది. అది లావాను కక్కింది. లావా పొర మీద పొరగా పరుచుకొని చల్లారింది. తరువాత భూమి కదలికలవల్ల కొండ ముడుచుకొని పక్కకు ఒరిగింది. పళ్ళెంలో దొంతరగా పెట్టిన రొట్టెలను ఒక పక్కకు ఒరగదోస్తే ఎలా ఉంటుంది? ఇక్కడి లావా పొరలు అలా ఉన్నాయి.

చాలాకాలం తరువాత మనుషులు వచ్చి రాతికోసం ఈ కొండను తవ్వారు. తవ్విన చోట కొండ కడుపు బయటపడింది. అందువల్ల అగ్నిపర్వతం లోపల ఎలా ఉంటుందో మనం నిలబడి చూడవచ్చు. బాట పక్కన అంకెలు వేసిన గుంజలు ఉన్నాయి. ఏ అంకె దగ్గర ఏమి చూడాలో చిన్న పుస్తకంలో వ్రాసి ఉంటుంది.

పాత రాతిగని అడుగున రాళ్ళు పేర్చి చేసిన ఒక చుట్టుదారి ఉన్నది. చూస్తే పద్మవ్యూహం వలె ఉంటుంది. కాని భయం లేదు. దారి ఒక్కటే. నడుస్తూ పోతే నడిమికి చేరుతారు.

ఇప్పుడు తూర్పుకు చూడండి. దూరాన డయాబ్లో కొండ కనిపిస్తుంది. దాని ఎత్తు 3,849 అడుగులు. ఆకారం చూచి చాలామంది దానిని అగ్నిపర్వతం అనుకొంటారు. కాని అది అగ్నిపర్వతం కాదు. భూమి ఒత్తిడికి పైకి లేచిన కొండ. ఆకారం చూచి నిర్ణయించరాదు. రాళ్ళను చూచి తెలుసుకోవాలి.

ఇంతలో మీ కాలి దగ్గర ఒక నల్లరాయి కనిపించింది. దానికి చిన్న చిన్న బెజ్జాలు ఉన్నాయి. లావాలోని గాలిబుడగలు విడిచిన గుర్తులు అవి. జేబులో వేసుకోవాలని అనిపిస్తుంది. ఒక్క రాయి తీసుకొంటే ఏమి పోతుంది?

‘పలక’ అనే మాటలో ‘ల’ తీసివేయండి. ఏమి మిగిలింది? ‘పక’. దానికి అర్థం లేదు. ప్రతి రాయీ ఒక అక్షరమే. ఎక్కడి రాయి అక్కడ ఉంటేనే కొండ తన కథ చెప్పగలదు. కనుక రాయిని చూడండి, బొమ్మ గీసుకోండి, అక్కడే ఉంచండి.

మన పొలాలలోని రాళ్ళకుప్పలు కూడా కథ చెప్పుతాయి. వాటిమీద ఎవరి పేరూ వ్రాసి లేదు. అయినా ఎండలో వంగి పనిచేసిన వారి శ్రమ వాటిలో ఉన్నది. ఈసారి చెరకు పొలం పక్కన పోతున్నప్పుడు ఆ కుప్పల దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

కొత్త మాటలు
లావా = భూమి లోపలినుండి పైకి వచ్చే కరిగిన రాయి
దొంతర = ఒకదానిమీద ఒకటి పెట్టిన వరుస
రాతిగని = రాయి తవ్వే చోటు
బెజ్జము = చిన్న రంధ్రము

ప్రశ్నలు
1. సిబ్లీ కొండ లోపలి భాగం ఎలా బయటపడింది?
2. డయాబ్లో కొండ అగ్నిపర్వతమా? ఎందుకు?
3. రాయిని ఎందుకు తీసుకొనిపోకూడదు?

చేయండి
మీ ఊరి రాళ్ళకుప్పను గురించి తాతగారినిగాని, నాయనమ్మగారినిగాని అడగండి. వారు చెప్పినది ఐదు వాక్యాలలో వ్రాయండి.