తెరమరుగు సినిమాలు: సందేహాలు - సమాధానాలు

'మా భూమి' మేం కాలేజీలో ఉన్నప్పుడు చూసినం. మన దిక్కు బతుకును అంత దగ్గరగా చూపిన తెలుగు సినిమాలు ఇంకేమైనా ఉన్నాయా? మా పిల్లల్ని అడిగితే లోకమంతా చూసిన పేర్లే చెప్తున్నరు. నలుగురికీ తెలియనివి చెప్పండి.
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, సూర్యాపేట

ఉన్నాయి మాస్టారూ. 'మా భూమి' (1979) నిర్మాతల్లో ఒకరైన బి.నర్సింగరావు గారి పేరు మీకు తెలిసే ఉంటుంది. తర్వాత ఆయనే దర్శకుడై తీసిన 'దాసి' (1988) ముందు చూడండి. ఒక్కటే చూసే తీరిక ఉంటే అదొక్కటే చూడండి.

కథ 1920ల నాటి తెలంగాణ గడీలో జరుగుతుంది. దొరసానితో పాటు అరణంగా వచ్చిన కమలాక్షి అనే దాసి, ఆమె ఒంటి మీద దొరకున్న అధికారం, ఆమె కడుపు మీద దొరసానికున్న అధికారం, అంతే కథ. దొర కొరడా పట్టుకుని అరవడు, దాసి తిరగబడి ఉపన్యాసం ఇవ్వదు. ఊడవడం, నీళ్లు మోయడం, పిలిస్తే పోవడం, ఇవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మొదటి అరగంట 'ఏమీ జరగడం లేదే' అనిపిస్తుంది. ఆ జరగకపోవడమే ఆమె జీవితమని తెలిసేసరికి మనకు ఊపిరాడదు. కమలాక్షిగా నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రం, ఛాయాగ్రహణం (ఎ.కె.బీర్), కళాదర్శకత్వం (తోట వైకుంఠం), దుస్తులు కూడా కలిపి మొత్తం ఐదు జాతీయ పురస్కారాలు. ముదురు రంగుల చీరల్లో తెలంగాణ స్త్రీలను గీసే వైకుంఠం గారే ఈ సినిమాలోని వెలిసిపోయిన గడీ గోడలకు రూపం ఇచ్చారంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

రెండోది 'ఒక ఊరి కథ' (1977). ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ తెలుగులో తీశాడు. తండ్రి వెంకయ్య, కొడుకు కిష్టయ్య పని చేయరు. ఎంత చేసినా కూడు రాని లోకంలో చేయడమెందుకు అన్నది తండ్రి వాదన. వినడానికి సోమరి మాట. సినిమా చూస్తుంటే మాత్రం, కాదనడానికి మన దగ్గర సరైన జవాబు లేదని తెలిసొస్తుంది. వెంకయ్యగా వేసిన ఎం.వి.వాసుదేవరావు కన్నడ నటుడు. 'చోమన దుడి'కి అంతకుముందే జాతీయ ఉత్తమ నటుడు. కోడలిగా మమతా శంకర్. తెలుగు రాని దర్శకుడు, పొరుగు భాషల నటులు కలిసి ఇంత తెలుగు సినిమా ఎలా తీశారో నాకిప్పటికీ అంతుబట్టదు.

ఆ తర్వాత నర్సింగరావు గారే చిత్రకారుడి పాత్ర వేసిన 'రంగుల కల' (1983). పల్లె కథ కాదు, హైదరాబాదులో బొమ్మలు వేసే మనిషి లోపలి ఘర్షణ. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. మీకు బొమ్మల మీద ఆసక్తి ఉంటే చూడండి, లేకపోతే నసగా ఉంటుంది.

శ్యామ్ బెనెగల్ తెలుగులో తీసిన 'అనుగ్రహం' (1978) పేరు కూడా కొందరు చెబుతారు. వాణిశ్రీ, స్మితా పాటిల్, అనంత్ నాగ్ ముగ్గురూ ఒక్క సినిమాలో ఉండటమే దాని విశేషం. మూలం మరాఠీ నవల, హిందీలో 'కొండూరా'. బాగుంటుంది గానీ మీరడిగిన మన దిక్కు వాసన అందులో దొరకదు.

జాతీయ అవార్డు వచ్చిన సినిమా కళాకారుడు మా ఊళ్లో ఉండేవాడని నాన్న అంటాడు. హీరోనా అంటే కాదంటాడు, దర్శకుడా అంటే కాదంటాడు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

నిజమేనమ్మా. పై జవాబులో 'దుస్తులు' అన్నానే, ఆ పురస్కారం మీ మిర్యాలగూడ మనిషిదే. పిట్టంపల్లి సుదర్శన్ గారు. వృత్తి డ్రాయింగ్ టీచరు. 'దాసి'కి వచ్చిన పేరు చివరికి ఆయన ఇంటిపేరులా మారిపోయి, అందరికీ దాసి సుదర్శన్ అయ్యారు. 2024లో కన్నుమూశారు.

దుస్తులకు అవార్డు అంటే మనకు జరీ అంచులు, కిరీటాలు, రాణివాసాలు గుర్తొస్తాయి. 'దాసి'లో చూడాల్సింది దానికి పూర్తిగా విరుద్ధమైనది. ఏళ్లకేళ్లు కట్టి, బండకు బాది, ఎండకు వెలిసిన నేతచీర తెర మీద అలాగే కనపడాలి. కెమెరాకు కొత్త బట్ట ఇట్టే దొరికిపోతుంది. నూలు మరీ తెల్లగా ఉన్నా, అంచు మిల్లుదిలా ఉన్నా 1920ల భ్రమ చెదిరిపోతుంది. మీరు సినిమా చూసేటప్పుడు ఒక్కసారి మాటలు ఆపేసి బట్టలే చూడండి. దొరసాని చీర ఎలా నిలబడుతుందో, కమలాక్షి చీర ఒంటికి ఎలా అంటుకుపోతుందో గమనించండి. ఎవరు ఎవరికి ఏమవుతారో డైలాగు లేకుండానే అర్థమవుతుంది.

మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి: ఆ సినిమా మీరిద్దరూ కలిసి చూడాల్సిందే గానీ, ఇంట్లో చిన్నపిల్లలు కూర్చునే సమయంలో కాదు.

మా తాత కాంతారావు గారి అభిమాని. ఆయనది మా పక్క ఊరే. కత్తియుద్ధాల సినిమాలన్నీ యూట్యూబ్‌లో చూసేసినం. ఆయనవి ఎవరూ చూడనివి ఏమున్నయి?
– మొబైల్ షాపు యజమాని, కోదాడ

గుడిబండ నుంచి మద్రాసు పోయి రాకుమారుడైన మనిషి గురించి కోదాడ నుంచే ఉత్తరం రావడం సంతోషం. 'జయ విజయ', 'గురువును మించిన శిష్యుడు', 'జ్వాలాద్వీప రహస్యం' లాంటి విఠలాచార్య సినిమాలు మీ తాతగారికి కంఠతా వచ్చి ఉంటాయి. కాబట్టి కత్తి పక్కన పెట్టి రెండు దారులు చెబుతాను.

ఒకటి, ఆయన కత్తి పట్టని సినిమాలు. 'శాంతి నివాసం' (1960) మరీ అరుదైనదేం కాదు, కానీ దాన్ని కాంతారావు కోసం చూసినవాళ్లు తక్కువ. అక్కినేని సినిమా అని చూసి ఊరుకున్నారు. సాంఘికంలో ఆయన ఎంత నిదానంగా, ఎంత సహజంగా మాట్లాడగలరో అందులో తెలుస్తుంది. జానపదాలు ఆయనకు అన్నం పెట్టాయి, ఆ నటుణ్ణి మాత్రం దాచేశాయి.

రెండోది, ఆయన సొంత డబ్బుతో తీసినవి. భార్య హైమావతి గారి పేరు కలిసేలా హైమా ఫిలింస్ పెట్టుకుని 'సప్తస్వరాలు' (1969), 'గండర గండడు' (1969), 'ప్రేమజీవులు' (1971), 'గుండెలు తీసిన మొనగాడు' (1974) తీశారు. చాలా ఏళ్ల తర్వాత 'స్వాతి చినుకులు' (1989). వీటి వల్ల ఆస్తి కరిగిందే గాని పెరగలేదు. ముందు 'సప్తస్వరాలు' వెతకండి. దర్శకుడు వేదాంతం రాఘవయ్య, అంటే 'దేవదాసు', 'సువర్ణసుందరి' తీసినాయన. కథ పాత పద్ధతిదే. అయినా అప్పటికే జనం రంగుల వైపు, సాంఘికాల వైపు మళ్లుతున్నారని తెలిసి కూడా, తనను నిలబెట్టిన జానపదాన్నే నమ్ముకుని డబ్బు పెట్టిన నటుడి మొండితనం అందులో కనిపిస్తుంది. 'గండర గండడు' తీరు వేరు, కె.ఎస్.ఆర్.దాస్ దర్శకుడు కాబట్టి పరుగు ఎక్కువ. తాతగారికి అదే నచ్చుతుందని నా పందెం.

పనిలో పనిగా ఇంకో సంగతి. మీ జిల్లా తుంగతుర్తి నుంచి వెళ్లిన డాక్టర్ ఎం.ప్రభాకరరెడ్డి ఎంబీబీఎస్ చదివి విలన్ వేషాలు వేశారు. 'కార్తీకదీపం' (1979) కథ ఆయనదే అని చెబితే ఇప్పటికీ చాలామంది నమ్మరు.

ఇట్లాంటి సినిమాలు పెడితే మా ఆయన పది నిమిషాల్లో గురక పెడతాడు. ముందు దేనితో మొదలుపెట్టాలి?
– గృహిణి, మిర్యాలగూడ

తప్పు మీ ఆయనది కాదమ్మా, మొదలుపెట్టిన సినిమాది. పగలంతా మిల్లులోనో పొలంలోనో పనిచేసి వచ్చిన మనిషి ముందు రాత్రి పదింటికి 'దాసి' పెడితే నేనైనా పడుకుంటాను.

'గ్రహణం' (2004) పెట్టి చూడండి. చలం గారి 'దోషగుణం' కథ ఆధారంగా ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన మొదటి సినిమా. జబ్బుపడిన ఒక కుర్రాడు. అది పెద్దామెతో సంబంధం వల్ల వచ్చిన దోషమనే ప్రచారం. ఇంటి ఇల్లాలి మీద పడే అనుమానం. నిజమేమిటో తేలేదాకా నిద్ర రాదు, తేలాక అసలు రాదు. గతం అంతా నలుపు తెలుపుల్లో ఉంటుంది. తనికెళ్ల భరణి గారు ఉన్నారంటే మీ ఆయన కూర్చుంటారు కూడా.

తర్వాత 'షో' (2002). తెర మీద మంజుల, సూర్య, ఇద్దరే మనుషులు. నీలకంఠకు స్క్రీన్‌ప్లేకి జాతీయ అవార్డు వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రం కూడా అదే. పిల్లలుంటే అక్కినేని కుటుంబరావు గారి 'భద్రం కొడుకో' (1992), వీధి పిల్లల కథ.

రజనీష్ దోమాల్‌పల్లి 'వనజ' (2006) మాత్రం మొదట మీరొక్కరే చూడండి. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదువు పూర్తి చేయడానికి తీసిన సినిమా, ఎక్కువగా కొత్తవాళ్లే నటించారు. బెర్లిన్‌లో ఉత్తమ తొలిచిత్రం బహుమతి పొందింది. కూచిపూడి నేర్చుకోవాలని దొరసాని ఇంట చేరిన పిల్ల మీద ఆ ఇంటి కొడుకు చేసే అఘాయిత్యం ఉంది. పేరు చూసి పిల్లల సినిమా అనుకుని పెట్టేరు.

అంత మంచి సినిమాలైతే జనం ఎందుకు చూడలేదు? జనం చూడనిదాన్ని గొప్పదనడం మేధావుల జబ్బు కాదా?
– హోటల్ నిర్వాహకుడు, సూర్యాపేట

సగం ఒప్పుకుంటాను. ఎవరూ చూడలేదు కాబట్టి గొప్పది అనేవాళ్లున్నారు. ఎవరూ చూడని చెత్త సినిమాలు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి, వాటి పేర్లతో మీ సమయం పాడుచేయను. కానీ 'జనం చూడలేదు' అనడానికీ 'జనానికి చూపించలేదు' అనడానికీ తేడా ఉంది.

'కొమరం భీమ్' సంగతి తీసుకోండి. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన సినిమా హాళ్లకు వచ్చింది 2010లో. ఇరవయ్యేళ్లు డబ్బాలో ఉన్నదాన్ని జనం తిరస్కరించారని ఎలా అంటాం? 'మా భూమి' కథ దీనికి ఎదురు. హైదరాబాదులో మార్నింగ్ షోకి హాలు దొరికింది, ఏడాది ఆడింది. ఉదయం ఆటకే హాలు దొరికే ఆ కాలంలో ఇలాంటి చాలా సినిమాలకు ఆ ఉదయం ఆట కూడా దక్కలేదు. కొద్ది ప్రింట్లు, కొన్ని ఊళ్లు, ఆ తర్వాత దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ఒకసారి, అంతే. ఆ మధ్యాహ్నం మీ వీధిలో కరెంటు పోతే ఆ సినిమా మీకు లేనట్టే.

పెద్ద హీరోలూ దీనికి అతీతులు కారు. అక్కినేని, ఆదుర్తి సుబ్బారావు కలిసి సొంతంగా తీసిన 'సుడిగుండాలు' (1967) చూశారా? ఉరిశిక్షను వ్యతిరేకించే జడ్జి. కేవలం ఉత్సాహం కోసం కుర్రాళ్లు చేసిన హత్యలో పోయింది ఆయన కొడుకే. ఇప్పుడా జడ్జి ఏం చేయాలి? అమెరికాలో నిజంగా జరిగిన లియోపోల్డ్–లోబ్ కేసు దానికి ప్రేరణ. నాగేశ్వరరావు పేరుంది, జాతీయ పురస్కారముంది, అయినా డబ్బు రాలేదు. ఆ ఇద్దరూ ఊరుకోక 'మరో ప్రపంచం' (1970) తీశారు, అదీ ఆడలేదు. నా తీర్పు అడిగితే, మొదటిది ఇప్పటికీ నిలుస్తుంది, రెండోది సందేశం బరువుకు వంగిపోయింది.

ఈ ఉత్తరం రాసిన మీరు 'సుడిగుండాలు' చూసి, నచ్చకపోతే నచ్చలేదని రాయండి. అచ్చు వేస్తాం.

ఎంత వెతికినా కొన్ని దొరకవు. యూట్యూబ్‌లో ఉన్నవేమో రంగు పోయి, మాట వినపడకుండా ఉన్నయి. ఏం చేయాలి?
– ప్రైవేటు ఉద్యోగి, కోదాడ

వెతికేటప్పుడు సినిమా పేరొక్కటే కొట్టకండి. సంవత్సరం, దర్శకుడి పేరు కలపండి. 'షో' అని మాత్రమే కొడితే మీకు ప్రపంచంలోని షోలన్నీ వస్తాయి. తెలుగులోనే కాక ఇంగ్లిషు అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులతో ప్రయత్నించండి. అధికారికంగా పెట్టినది కనిపిస్తే అదే చూడండి, ఎక్కించినవాళ్ల పేరు చూస్తే తెలిసిపోతుంది.

కొన్ని ఎప్పటికీ దొరకవు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటే మిగల్లేదు. ఆ కాలపు నైట్రేట్ ఫిల్ము త్వరగా అంటుకుంటుంది, సరిగా దాచకపోతే పొడిపొడి అవుతుంది. పాత రీళ్లను వెండి కోసం కరిగించినవాళ్లూ ఉన్నారు.

నలుగురం కలిసి నెలకొక సినిమా చూసే క్లబ్బు పెట్టాలనుకుంటున్నం. ఫంక్షన్ హాలు, ప్రొజెక్టరు ఉన్నయి. ఎట్లా మొదలుపెట్టాలి?
– యువకుల బృందం, సూర్యాపేట

చాలా మంచి ఆలోచన. ఇంట్లో పదిమంది కూర్చుని చూడటం వేరు, హాల్లో కరపత్రం వేసి పిలవడం వేరు. రెండోదానికి హక్కుదారు అనుమతి, సెన్సారు సర్టిఫికెట్ ఉన్న ప్రతి కావాలి. టికెట్ పెట్టకపోయినా సరే. చిన్న నిర్మాతలు చాలామంది అడిగితే కాదనరు. దర్శకుణ్ణే పిలవండి, ఖర్చు బస్సు చార్జీ, భోజనం. సినిమా అయ్యాక ఆయనతో మాట్లాడే గంట ఆ ఊరికి మిగిలే లాభం.

సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా 1959లో ఏర్పడిన ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియా ఇప్పటికీ ఉంది. సభ్యత్వం తీసుకుంటే సినిమాలు తెప్పించుకోవడం తేలిక. 1974లో మొదలైన హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్, కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ వాళ్లు ఎలా నడిపారో కనుక్కోండి. మొదటి నెల ఇరాన్ సినిమా పెట్టకండి, అది ఆరో నెలకు. మొదట కె.ఎన్.టి.శాస్త్రి 'కమ్లి' (2006) పెట్టండి. బిడ్డను పోగొట్టుకున్న లంబాడా తల్లిగా నందితా దాస్ నటించింది. మీ చుట్టూ ఉన్న తండాల మనుషుల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి, మాట్లాడే అవకాశం ముందు వాళ్లకే ఇవ్వండి.

మరొక మనవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మూతపడ్డ టాకీసుల వాళ్ల ఇళ్లలో పాటల పుస్తకాలు, పోస్టర్లు, ఎక్కడైనా ఒక రీలు డబ్బా ఉండవచ్చు. పాత కాగితాలవాడికి వేయకుండా చూడండి. పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ అలాంటివన్నీ భద్రపరుస్తుంది. ముందు వాళ్లకొక ఉత్తరం రాయండి.