మెలితే ద్వీపము: పరాయివారికి చలిమంట వేసిన జనులు

పాఠభాగము: అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయములు



అపొస్తలుడైన పౌలు ఓడ బద్దలై చేరిన మెలితే ద్వీపమును గూర్చి మనము పలుమారులు వినియున్నాము. అది ఎక్కడనున్నది? నేడు అక్కడికి పోవువారు ఏమి చూతురు? ఆ దరిమీద జరిగినది బొగ్గుగనుల ప్రాంతమున కాపురముండు మనకు ఏమి నేర్పును? ఈ మూడు సంగతులను ఈ నెల ఆలోచింతము.

1. ద్వీపములు

మెలితేను నేడు మాల్టా అందురు. ఇది మధ్యధరా సముద్రమున, సిసిలీకి దక్షిణముగా సుమారు 90 కిలోమీటర్ల దూరముననున్న ద్వీపసమూహము. మాల్టా, గోజో, కొమినో అనునవి వాటిలో ముఖ్యమైనవి. అన్నియు కలిపి 316 చదరపు కిలోమీటర్లే. మన గోదావరి లంకలవలె ఒండ్రునేల కాదు, సున్నపురాతి నేల. ఏడాది పొడుగున పారు నది ఒక్కటియు లేదు. సముద్రజలములోని ఉప్పు తీసి త్రాగునీటిలో చాలభాగము సమకూర్చుకొందురు.

గోజోలోని జగంతీయా రాతి ఆలయములు ఐదువేల ఏండ్లకు పైబడినవి. 1565లో తురుష్కుల ముట్టడి జరిగిన తరువాత, 1566లో యోహాను వీరసంఘమువారు వాలెట్టా నగరమునకు పునాది వేసిరి. అక్కడి పెద్ద దేవాలయములో, బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదమును కారవాజియో అను చిత్రకారుడు 1608లో వ్రాసిన గొప్ప చిత్రమున్నది. 1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట ఆవిరి ఓడలు ఈ రేవున ఆగి బొగ్గు నింపుకొనుచుండెను. బుట్టలతో బొగ్గు మోయు కూలీల కష్టము మనకు తెలియనిది కాదు. 1964లో ఈ ద్వీపములు స్వతంత్రమాయెను.

నేడు వేసవిలో లక్షలమంది యాత్రికులు వచ్చి కొమినోవద్ద నీలిరంగు నీటిలో ఈదుదురు, తెరచాపల పడవలలో విహరింతురు. జాలరులు తమ పడవల మూతికి ఇరుప్రక్కల కన్నులు చిత్రించుకొందురు.

2. అదే సముద్రము, వేరొక కాలము

వేసవిలో అంత శాంతముగానుండు సముద్రము చలికాలమున అట్లుండదు. ఈశాన్యమునుండి వీచు పెనుగాలిని అక్కడివారు గ్రిగాల్ అందురు. పౌలు ఎక్కిన ఓడను కొట్టిన ఊరకులోను ఇదియేయని పలువురు పండితులు తలంతురు. అది క్రీ.శ. 60 ప్రాంతము. ప్రయాణకాలము దాటినదని పౌలు హెచ్చరించెను గాని, శతాధిపతియైన యూలి నావికుని మాటనే నమ్మెను. పదునాలుగు రాత్రులు ఓడ కొట్టుకొనిపోయెను. లోతు చూడగా ఇరువది బారలు, కొంత దూరము పోయి చూడగా పదునైదు. ఓడలోనున్నవారు 276 మంది. ఖైదీలు పారిపోవుదురేమోయని సైనికులు వారిని చంపజూచిరి. యూలి పౌలును రక్షింపగోరి వారి నడ్డగించెను. ఈదగలవారు ఈదిరి, తక్కినవారు పలకలు పట్టుకొని దరి చేరిరి.

3. దరిమీద జరిగినది

లూకా ఆ ద్వీపవాసులకు వాడిన గ్రీకు మాటకు, గ్రీకు భాష రానివారు అని అర్థము. వారు మాటలాడినది ప్యూనిక్ భాష. భాష కలియలేదు. వచ్చినవారిలో ఖైదీలున్నారు, సైనికులున్నారు. అయినను వాన కురియుచు చలిగానున్నందున వారు ముందుగా నిప్పు రాజబెట్టిరి. మీరెవరు, ఎక్కడివారు అను ప్రశ్నలకంటె ముందు చలిమంట వచ్చెను.

పౌలును గమనింపుడు. అతిథియై ఊరక కూర్చుండలేదు, తానును పుల్లలు ఏరెను. పాము పట్టుకొనగా, వీడు నరహంతకుడని జనులనుకొనిరి. హాని కలుగకపోగా, దేవుడనిరి. రెండును పొరపాటే. పరాయివాని గూర్చి మనము తొందరపడి చెప్పు తీర్పులు నేటికిని అట్లే యుండును. పొప్లి వారిని మూడు దినములు తన యింట నుంచుకొనెను. అతని తండ్రి జ్వరముతోను రక్తవిరేచనములతోను పడియుండగా పౌలు ప్రార్థించి స్వస్థపరచెను. ఆదరించినవాని యింటికే మేలు కలిగెను.

4. మనకు పాఠము

ఇప్పటికిని ఆ సముద్రముమీద ఆఫ్రికానుండి చిన్న పడవలలో బీదలు వచ్చుచున్నారు. అనేకులు దారిలోనే మునిగిపోయిరి. 2020 ఏప్రిలులో కరోనా వ్యాధిని బట్టి వారిని తన రేవులలో దింపుకొనజాలనని మాల్టా ప్రభుత్వము చెప్పెను. పౌలు దరిచేరిన పండుగను ప్రతి ఫిబ్రవరి 10వ తేదీన చేయు దేశమునకు ఇది కఠినమైన పరీక్ష. వారిని తప్పుపట్టుట మనకు సులభము. మన సంగతి ఏమి?

రామగుండము, గోదావరిఖని ప్రాంతమున మన పెద్దలలో పెక్కుమంది బాయి పనికై మూటముల్లెతో వచ్చినవారే. నేడు కాంట్రాక్టు పనులకు బీహారు, ఝార్ఖండు, ఒడిశానుండి యువకులు వచ్చుచున్నారు. రేకుల గదులలో పదిమంది యుందురు. వారి భాష మనకు రాదు. వారిలో ఒకనికి జ్వరము వచ్చినయెడల ఆసుపత్రికి తోడు పోవువారెవరు? పుష్యమాసపు చలిలో దుప్పటి యిచ్చువారెవరు? వారి పేరైనను మనమడిగితిమా?

ద్వీపవాసులు చేసినది పెద్ద కార్యము కాదు. ఎండుపుల్లలు తెచ్చి మంట వేసిరి. అంతమాత్రము మన సంఘములలో అతి బీదవారును చేయగలరు.

ఇంటివద్ద ఆలోచింపుడు

1. యూలి మొదట పౌలు మాట వినలేదు. తరువాత అతని ప్రాణము కాపాడెను. ఈ మార్పు ఎట్లు కలిగియుండును?
2. పౌలు పుల్లలు ఏరుటవలన, సహాయము పొందువారు ఏమి నేర్చుకొనవలెను?
3. ఈ నెలలో మన వీధిలోని ఏ పరాయివానికి మన సంఘము చలిమంట వేయగలదు?