కేసు వేసే ముందు

అత్తిలి

చిరంజీవి శ్రీనివాస్‌కు,

మొన్న రాత్రి నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఫోన్లో మాట్లాడుకుంటే ఇద్దరం ఏడుస్తాం తప్ప పని జరగదు. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువు, తర్వాత మీ అమ్మకు కూడా చదివి వినిపించు.

"ఆ డాక్టర్ని జైల్లో పెట్టించాలి, ఆ ఆసుపత్రి మూయించాలి" అన్నావు. మీ నాన్న నాకు తోడబుట్టినవాడు. నీ కడుపుమంట నాకు తెలియనిది కాదు. అయినా ఏలూరు కోర్టులో ప్లీడరుగా బతికినవాడిగా ఒక మాట చెబుతాను. నేను కేసు వేయొద్దనడం లేదు. ఏం జరిగిందో తెలుసుకున్నాక వెయ్యమంటున్నాను.

ఇప్పటికి మనకు తెలిసిందెంత? మీ నాన్న పోయిన రాత్రి భోజనం చేశాక గుండెల్లో మంటగా ఉందన్నాడు. గ్యాస్ అనుకుని సోడా తాగాడు, మాత్ర వేసుకున్నాడు. తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ తీసి ఫర్వాలేదన్నారు, ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపారు. తెల్లారేసరికి మనిషి లేడు. ఇంతవరకే తెలుసు. ఆ ఈసీజీ ఎన్ని గంటలకు తీశారు? దాన్ని చూసింది డాక్టరా, డ్యూటీలో ఉన్న సిబ్బందా? కాసేపాగి రెండోసారి తీశారా? గుండె దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్ష చేశారా? వీటిలో ఒక్కదానికీ మన దగ్గర జవాబు లేదు.

ఈ ప్రశ్నల మీదే కేసంతా నిలబడుతుంది. గుండెపోటు మొదలైన తొలి గంటల్లో ఈసీజీ మామూలుగానే కనిపించవచ్చు. ట్రోపోనిన్ కూడా రక్తంలో పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే ఒక్క ఈసీజీ బాగుందని గుండెపోటు లేదని తేల్చకూడదు. అనుమానం ఉంటే మనిషిని అక్కడే ఉంచి మళ్లీ మళ్లీ చూడాలి. మీ నాన్నకు షుగరు కూడా ఉండేది. షుగరు ఉన్నవాళ్లకు నొప్పి గట్టిగా తెలియకపోవచ్చు కాబట్టి ఇంకా జాగ్రత్త పడాలి. ఆ సంగతి ఆసుపత్రివాళ్లు అడిగారా, మనవాళ్లు చెప్పారా, కేసు షీటులో రాశారా అన్నది చూడాలి. అడిగి, రాసుకుని కూడా ఇంటికి పంపేసి ఉంటే అది ఒక రకం కేసు. మొదటి ఈసీజీలోనే గుండెపోటు కనిపిస్తుంటే గ్యాస్ అని పంపేసి ఉంటే అది మరీ గట్టి కేసు. ఉండమంటే మనవాళ్లే ఇంటికి పోతామని సంతకం పెట్టి వచ్చేసి ఉంటే కేసు నిలవడం చాలా కష్టం.

మనిషి పోయినంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్టు కాదు. కోర్టు చూసేవి రెండు. ఆ స్థితిలో మామూలు తెలివి, శ్రద్ధ ఉన్న డాక్టరు ఎవరైనా చేసే పని ఈయన చేయలేదా? చేయనందువల్లే ప్రాణం పోయిందా? రెండోది రుజువు చేయడమే కష్టం. మీ నాన్నకు పోస్టుమార్టం జరగలేదు, దహనం కూడా అయిపోయింది. ఇక మనకు సాక్ష్యం కాగితమే.

గెలిచిన కేసు ఒకటి చెబుతాను. 1990లో ప్రశాంత్ ధనంక అనే ఇంజనీరింగ్ విద్యార్థి ఛాతీలో కణితితో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో చేరాడు. పరీక్ష కోసం ముక్క తీయడానికి అనుమతి ఇస్తే, గుండె, ఛాతీ ఆపరేషన్లు చేసే విభాగంలో కణితి మొత్తం తీసేశారు. అది వెన్నెముకను ఆనుకుని ఉన్నా న్యూరోసర్జన్‌ని పక్కన పెట్టుకోలేదు. ఆ అబ్బాయి నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మే నెలలో కోర్టు కోటి రూపాయలు, దానిపై వడ్డీ ఇమ్మంది. తీసుకున్న అనుమతి ఒకటి, చేసిన పని ఇంకొకటి అని కాగితాలే చెప్పాయి. కానీ చూడు, తీర్పు రావడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది.

ఓడిన కేసు కూడా విను. బొంబాయిలో ఒకాయనకు గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం పొట్ట దగ్గర ఉబ్బి చిట్లింది. ఆపరేషన్ చేశారు గాని 1998లో చనిపోయాడు. రక్తనాళాల పరీక్ష చేసే మెషీను ఆ సమయానికి పనిచేయలేదనీ, థియేటరు ఖాళీ లేక ఆలస్యమైందనీ, పెద్ద డాక్టరు పక్కన లేడనీ కుటుంబం ఫిర్యాదు. జాతీయ వినియోగదారుల కమిషన్ 14 లక్షలకు పైగా ఇమ్మంది. 2021 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. మెషీన్లు ఒక్కోసారి చెడిపోతాయి, డాక్టరు ఒక్క రోగి మంచం పక్కనే కూర్చోలేడు, చేయగలిగింది చేసినప్పుడు ప్రాణం పోయిందని తప్పు పట్టలేం అంది. ఆ కుటుంబం బాధ అబద్ధం కాదు. రుజువు మాత్రం చాలలేదు.

జైలు సంగతికి వస్తాను. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. వేరే డాక్టరు అభిప్రాయం లేకుండా పోలీసులు ముందుకు వెళ్లకూడదు. ఆ కేసులో ఊపిరాడని రోగికి ఖాళీ ఆక్సిజన్ సిలిండరు పెట్టారని ఆరోపణ. అయినా డాక్టరు మీద క్రిమినల్ కేసు కొట్టేశారు. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలోనూ 106వ సెక్షను కింద డాక్టరుకు పడగల జైలు శిక్ష రెండేళ్ల వరకే. కాబట్టి పోలీస్ స్టేషన్ మెట్లెక్కి నీ శక్తి పోగొట్టుకోకు. తప్పు ఉంటే మన దారి వినియోగదారుల కమిషన్.

1995లో సుప్రీంకోర్టు తీర్పుతో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. మన పాత పశ్చిమగోదావరికి కమిషన్ ఏలూరులోనే ఉంది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉన్న చోటే వేసుకోవచ్చు గనుక మీ అమ్మ పేరున వేద్దాం, నువ్వు హైదరాబాదు నుంచి ప్రతి వాయిదాకూ రానక్కరలేదు. ఆసుపత్రికి కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. ప్లీడరుకు ఇచ్చుకోలేకపోతే, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరును పెడుతుంది. గడువు రెండేళ్లు. మీ నాన్న పోయి ఇంకా మూడు నెలలే.

గడువు ఉంది కదా అని కాగితాల విషయంలో ఆలస్యం చేయకు. ఈ వారమే ఆసుపత్రికి ఉత్తరం పెట్టు. కేసు షీటు, ఈసీజీ, నర్సులు రాసిన చార్టు, మందుల చీటీ, బిల్లు అన్నీ కావాలని మర్యాదగా అడుగు. మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఇచ్చాక ఆ ఆసుపత్రితో సంబంధం లేని గుండె డాక్టరుకు చూపిద్దాం. తప్పు కళ్లకు కట్టినట్టుంటే నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసులోనూ అక్కరలేదని 2010లో హైదరాబాదు ఆసుపత్రి కేసొకదానిలో సుప్రీంకోర్టు చెప్పింది. మలేరియా మనిషికి టైఫాయిడ్ వైద్యం చేసిన కేసు అది. కానీ గుండె విషయంలో నిపుణుడి మాట లేకుండా నేను అడుగు వేయను.

చేయకూడనివి కూడా రాస్తున్నాను. ఆ రోజు ఆసుపత్రి ముందు ధర్నా చేద్దామనీ, అద్దాలు పగలగొడదామనీ కొందరన్నారు. అద్దాలు పగలగొడితే 2008 నాటి మన రాష్ట్ర చట్టం కింద మూడేళ్ల వరకు జైలు. నీ ఉద్యోగం పోయేది, మీ అమ్మ ఒంటరిదయ్యేది. అలాగే "నేను మాట్లాడి ఇప్పిస్తాను, నా వాటా నాకివ్వండి" అనే మధ్యవర్తిని గడప తొక్కనీయకు. వచ్చినదాంట్లో వాటా అడిగే ప్లీడరు దగ్గరికీ వెళ్లకు, అది మా వృత్తి నిబంధనలకే విరుద్ధం. వాట్సాప్‌లో డాక్టరు పేరు రాయకు. రుజువు కాని మాట రాస్తే రేపు నీ మీదే పరువు నష్టం కేసు వస్తుంది.

ఇంకొకటి. నొప్పి మొదలై ఆసుపత్రికి చేరేదాకా ఎంతసేపైందని అవతలి ప్లీడరు మీ అమ్మను తప్పకుండా అడుగుతాడు. ఆ సోడా, ఆ మాత్ర అన్నీ బయటికొస్తాయి. ఆమె దానికి సిద్ధపడి ఉండాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఒక గంట కూడా తగ్గించకూడదు. ఆమెను ఎవరూ తప్పు పట్టకూడదు, నువ్వు అసలే పట్టకూడదు. గ్యాస్ నొప్పి అనుకోవడం మన పల్లెల్లో ప్రతి ఇంట్లో జరిగేదే. మన ఇంట్లో ఇకనుంచి మాత్రం ఛాతీ నొప్పి అంటే సోడా కాదు, 108 అంబులెన్సు.

కాగితాలు తప్పు చూపిస్తే ఎన్నేళ్లు పట్టినా వెనక్కి తగ్గొద్దు. ఓపిక ఉన్నంతకాలం నేను నీతో ఏలూరు వస్తాను. చూపించకపోతే అక్కడితో ఆపెయ్యి, ఆ డాక్టరు పేరు ఇంకెప్పుడూ ఎత్తకు. ఈ రెండింటిలో ఏది చేసినా మీ నాన్నకు మాట రాదు. ముందు ఆ ఉత్తరం పెట్టి రసీదు నాకు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న