తెలివైన అల్లరివాడు – కార్మన్యోలా దండునాయకుడు



“మీవాడు తెలివైనవాడేనండీ, కానీ క్లాసులో ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడు. పక్కవాళ్లను చదవనివ్వడు.” ఈ మాట వినని తల్లిదండ్రులు మన విచారణలలో తక్కువే. తరువాత ఇంట్లో జరిగేదీ తెలిసిందే. తండ్రి నాలుగు తగిలిస్తాడు, తల్లి కన్నీళ్లు పెట్టుకుంటుంది, మరునాడు వాడు అదే బెంచీమీద అదే పని చేస్తాడు.

ఇటువంటి బాలుని విషయంలో పునీత జాన్ బోస్కోగారు ఏమి చేశారో చూద్దాం. 1857వ సంవత్సరం, శరదృతువు. ఇటలీలోని కార్మన్యోలా స్టేషనులో ఆయన తూరిన్ వెళ్లే రైలుకోసం ఎదురుచూస్తున్నారు. దట్టమైన పొగమంచు. కొందరు పిల్లలు గోలగోలగా ఆడుకుంటున్నారు. అందరి కేకలమీద ఒక్క గొంతు ఆజ్ఞలు జారీ చేస్తున్నది. గురువుగారు మధ్యలోకి వెళ్లగానే తక్కినవారు పరుగుతీశారు. ఆ గొంతుగలవాడు మాత్రం నడుంమీద చేతులు పెట్టుకొని ఎదుట నిలబడి, మీరెవరని అడిగాడు. వాడే మైకేలు మగోనే. తండ్రి లేడు. తల్లికి కూలిపనితోనే సరి. తన వృత్తి ఏమీ చేయకుండా ఉండటమేనని గర్వంగా చెప్పాడు!

అక్కడి సహాయ గురువు వ్రాసిన ఉత్తరం నేటి మన ప్రోగ్రెస్ రిపోర్టులాగే ఉంటుంది. బడినుండి చాలాసార్లు వెళ్లగొట్టారు, అయినా మూడవ తరగతి బాగానే పూర్తిచేశాడు. మనసు మంచిది, లొంగదీయటం కష్టం. బడిలోను జ్ఞానోపదేశంలోను అందరికీ ఆటంకం, వాడు రాని రోజు అందరికీ ప్రశాంతం. అంత వ్రాసిన ఆ గురువే, ఈ బాలుని ప్రతిభనూ పేదరికాన్నీ చూసి ఆదుకోమని కోరాడు. దోషమూ ప్రతిభా ఒకే కాగితంమీద వ్రాయగలిగిన పెద్దమనిషి! మన ఫిర్యాదులలో మొదటిది మాత్రమే ఉంటుంది.

తూరిన్‌లోని ఒరేటరీకి వచ్చిన మగోనేను బోస్కోగారు మూలన కూర్చోబెట్టలేదు. ఆటస్థలంలో తనివితీరా పరుగెత్తనిచ్చారు. కనిపెట్టి ఉండేందుకు ఒక మంచి సహచరుని జతచేశారు. క్రమంగా బాధ్యతలు వచ్చాయి: చిన్నవారికి జ్ఞానోపదేశం నేర్పటం, పాఠం అర్థంకానివారికి చెప్పటం. అంతమాత్రాన వాడు మెత్తని గొర్రెపిల్ల అయిపోయాడనుకోకండి. తూరిన్ వీధిలో ఒకడు దైవదూషణ చేస్తే చెంప ఛెళ్లుమనిపించాడు, బోస్కోగారే విడదీయవలసివచ్చింది. 1859 జనవరి 21న, పదమూడేళ్లకే మగోనే మరణించాడు. అతని జీవితకథను బోస్కోగారే 1861లో ప్రచురించారు.

తన పద్ధతిని ఆయన 1877లో వ్రాసిపెట్టారు. తప్పు జరిగాక శిక్షించటం ఒక మార్గం. తప్పుకు సందు దొరకకుండా పిల్లలమధ్య ప్రేమతో ఉండటం మరొకటి. ఆయనది రెండవది. కొట్టటం, బాధ కలిగేలా మోకాళ్లమీద నిలబెట్టటం, చెవులు మెలిపెట్టటం పూర్తిగా మానుకోవాలన్నారు. మందలింపు నలుగురిలో కాక, ఏకాంతంలో ఉండాలన్నారు. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం పదిహేడవ సెక్షను శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. అయినా గోడకుర్చీ ఇంకా కొన్నిచోట్ల మిగిలే ఉంది.

తరగతిలో ఏం చేయాలి? అందరికంటే ముందు లెక్కలు ముగించినవానికి మరో పది అవే లెక్కలు ఇవ్వటం బహుమానం కాదు, జరిమానా. అటువంటి లెక్క ఒకటి నీవే తయారుచెయ్యమనండి. లేదా రెండవ పద్ధతిలో చెయ్యమనండి. వెనుకబడినవానికి చెప్పమనవచ్చు, కానీ రోజూ కాదు. వాడు కూడా నేర్చుకోవటానికే వచ్చాడు. అల్లరివానిని లీడరుచేసి, మాట్లాడినవారి పేర్లు బోర్డుమీద వ్రాయించే అలవాటు మనకున్నది. నాకది నచ్చదు. అది బాధ్యత కాదు, పోలీసు ఉద్యోగం. ఆడపిల్లల సంగతీ ఒక మాట: ప్రశ్నలడిగే అబ్బాయిని చురుకైనవాడంటాం, అమ్మాయికి ‘నోరెక్కువ’ అంటాం.

యాభైమంది ఉన్న గదిలో ఒక్కనికోసం పాఠం ఆపటం కుదరదు, నిజమే. మిగతా నలభైతొమ్మిదిమందికీ చదువుకునే హక్కున్నది. అందుకే హద్దు స్పష్టంగా ఉండాలి: ప్రశ్న అడగవచ్చు, ఇతరుల పని చెడగొట్టరాదు. హద్దు దాటితే క్లాసయ్యాక పక్కకు పిలిచి రెండు మాటలు. మరునాడు పాత పద్దు తిరగేయకూడదు.

తల్లిదండ్రులారా, ఫిర్యాదు వచ్చినప్పుడు చెయ్యి ఎత్తకముందు టీచరుగారిని అడగండి: ఏ పీరియడులో? పని అవ్వకముందా, అయ్యాకా? ఎవరి పక్కన? ఒక వారం వ్రాసిపెట్టమని వినయంగా కోరండి. పని ముగిశాకే అల్లరి అయితే, వానికి పని చాలటం లేదన్నమాట. పని మొదలుపెట్టకుండానే అయితే, ఆ పాఠం రాక దాచుకుంటున్నాడేమో చూడండి. తెలివైనవారికీ చదవటంలో, వ్రాయటంలో ఇబ్బందులుంటాయి. బడిలో, ఇంట్లో, గుడిలో, ఎక్కడా చాలాకాలంగా నిలకడ లేకపోతే పిల్లల వైద్యునికి చూపించండి. అది పెంపకం లోపమని కుమిలిపోకండి. వైద్యుడు చెప్పకముందే జబ్బు పేరు తగిలించకండి. ఆ వారం కాగితం వైద్యునివద్దకు కూడా తీసుకువెళ్లండి.