విడిచిన బిందువులు

ప్రకృతిలో ఒకటి మారినపుడు దానిని అనుసరించి మరియొకటి మారుట తరచుగా కాననగును. తీగకు వ్రేలాడదీసిన బరువు పెరిగిన కొలది తీగ సాగును. కొండ ఎక్కిన కొలది గాలి పీడనము తగ్గును. ఇట్లు మారెడు రాశులను చరరాశులందురు. వానిలో మొదట మారునది స్వతంత్ర చరరాశి. దానిని బట్టి మారునది పరతంత్ర చరరాశి. ఈ రెంటికి గల సంబంధమును కంటికి కట్టినట్లు చూపునదే గ్రాఫు.

గళ్ల కాగితముపై అడ్డముగా నొక గీతను, నిలువుగా నొక గీతను గీచి, స్వతంత్ర చరరాశిని అడ్డగీతపైనను, పరతంత్ర చరరాశిని నిలువుగీతపైనను కొలిచి, ఒక్కొక్క పరిశీలనకు ఒక్కొక్క బిందువును గుర్తింతుము. బిందువులు కుడివైపునకు పోయిన కొలది పైకెక్కినచో రెండు రాశులును కలిసి పెరుగుచున్నవనియు, క్రిందికి దిగినచో ఒకటి పెరుగగా రెండవది తగ్గుచున్నదనియు తెలియును. ఏ వరుసయు లేక చెదరియున్నచో సంబంధము కానరాదని యర్థము.

ఇది పరీక్షకొరకు నేర్చుకొను విద్య మాత్రమే యని తలంపరాదు. ఏడుగురి ప్రాణములు ఇట్టి బిందువులపై ఆధారపడిన సందర్భ మొకటి కలదు.

అమెరికా దేశపు వ్యోమనౌక ఛాలెంజరు 1986 జనవరి 28వ తేదీన ఫ్లారిడా తీరమునుండి బయలుదేరవలసి యుండెను. అందలి ఏడుగురిలో క్రిస్టా మెకాలిఫ్ అను ఉపాధ్యాయురా లొకరు. అంతరిక్షమునుండి బాలబాలికలకు పాఠములు చెప్పుటకు ఆమె సిద్ధపడెను. నౌకను పైకి లేపు రెండు పెద్ద రాకెట్లును ముక్కలుగా తయారై, కీళ్లవద్ద అతుకబడినవి. కీళ్ల సందులనుండి మండుచున్న వాయువులు వెలికి రాకుండుటకై ఒక్కొక్క కీలులో రెండేసి రబ్బరు వలయములు అమర్చబడెను. అవి వేలెడంత లావైనను లేవు; కాని నౌక క్షేమమంతయు వానిపైననే యుండెను.

ప్రయాణమునకు ముందటి రాత్రి చలి మిక్కుటమయ్యెను. చలిలో రబ్బరు గట్టిపడి పని చేయదేమో యని కొందరు ఇంజనీర్లు భయపడి, కీళ్ల ఉష్ణోగ్రత 53 డిగ్రీలకు తక్కువయైనచో నౌకను పంపవలదనిరి. ఈ డిగ్రీలు ఫారెన్‌హీటు కొలతలోనివి. ఆ కొలతలో నీరు గడ్డకట్టునది 32 డిగ్రీలవద్ద. చర్చలో వారు, అధికారులు పూర్వపు ప్రయాణములను పరిశీలించిరి. కాని వలయములు దెబ్బతిన్న ప్రయాణములనే ఉష్ణోగ్రతతో సరిచూచిరి. అట్టివి ఏడు. వానిని మనము గ్రాఫుపై గుర్తింతము. 53 డిగ్రీలవద్ద మూడు చోట్ల దెబ్బ. 75 డిగ్రీలవద్దను రెండు చోట్ల దెబ్బ. నడుమ 57, 58, 63 డిగ్రీలవద్ద ఒక్కొక్కటి; 70 డిగ్రీలవద్ద రెండు ప్రయాణములలో ఒక్కొక్కటి. చలిలోనే గాక వెచ్చదనములోను నష్టము కలిగినది గదా! ఉష్ణోగ్రతకును నష్టమునకును సంబంధము రుజువు కాలేదని పలువురు తలంచిరి. తుదకు ప్రయాణమునకు అనుమతి లభించెను.

ఇపుడు విడిచిన బిందువులను గూడ చేర్చుదము. ప్రయాణానంతరము సముద్రమునుండి తీసి పరీక్షింపబడిన రాకెట్లు 23 ప్రయాణములవి. అందు 16 ప్రయాణములలో ఈ కీళ్లకు ఏ హానియు కలుగలేదు. ఆ పదునారును 66 డిగ్రీలు గాని అంతకు మించి గాని ఉష్ణోగ్రత గలవే! 63 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని యున్న నాలుగింటిలో ఒక్కటియు హాని లేక తిరిగి రాలేదు. సున్న నష్టము గల బిందువులు చేరిన తోడనే సంబంధము స్పష్టమైనది. ఏమియు జరుగలేదను మాటయు ఒక పరిశీలనయే. దానిని విడిచినందున సత్యము మరుగుపడెను.

ఆ ఉదయము ప్రయాణ సమయమున గాలి ఉష్ణోగ్రత 36 డిగ్రీలు. అంతటి చలిలో అంతకు మున్నెన్నడును వ్యోమనౌక పోలేదు. అనగా గ్రాఫుపై ఆ చోట ఒక్క బిందువైనను లేదు. బిందువులు లేని చోట క్షేమమని యూహించుట సాహసము. బయలుదేరిన 73 సెకండ్లకు నౌక ఆకాశమున ముక్కలయ్యెను. ఏడుగురును మరణించిరి. పాఠశాలలలో టెలివిజనుముందు కూర్చున్న పిల్లలు ఆ దృశ్యమును కన్నులార చూచిరి.

అయినను రెండు రాశులు కలిసి మారినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని గ్రాఫు రుజువు చేయజాలదు. అందులకు ప్రయోగము కావలెను. విచారణ సంఘ సభ్యుడును, నోబెల్ బహుమతి గ్రహీతయు నగు రిచర్డ్ ఫైన్‌మన్ 1986 ఫిబ్రవరి 11వ తేదీన సభలోనే ఆ రబ్బరు ముక్కను చిన్న బిగింపుతో నొక్కి, మంచునీటిలో ముంచెను. బిగింపు వదలినపుడు రబ్బరు వెంటనే పూర్వరూపమునకు రాలేదు. గ్రాఫు చూపిన అనుమానమును గ్లాసెడు నీరు బలపరచెను.

విద్యార్థులారా! మీరు ప్రయోగశాలలో గ్రాఫు గీయునపుడు మీ ఊహకు సరిపడని బిందువును గాని, సున్నయే గదా యని తోచిన బిందువును గాని చెరిపివేయకుడు. ఇతరులు గీచిన గ్రాఫును చూచినపుడు ఇందు ఏ బిందువులు విడువబడినవని ప్రశ్నింపుడు. ఆ ప్రశ్న వేయువారు ఒక్కొక్కప్పుడు ప్రాణదాతలు కాగలరు.