ఒక డిమ్మర్, నాలుగు లైట్లు

సెలవుల్లో వైరింగ్ పనికి వెళ్ళే తమ్ముళ్ళ కోసం ఈ పాఠం. ఫాల్స్ సీలింగులో నాలుగు ఎల్.ఇ.డి. లైట్లను ఒకే డిమ్మర్‌కు కలపాలి. ముందు మెయిన్ ఆపండి. ఫేజ్ తీగ డిమ్మర్‌లోకి వెళ్ళి, అక్కడి నుండి నాలుగింటికీ చేరాలి. న్యూట్రల్ మాత్రం నేరుగా ప్రతి లైటుకూ వెళ్ళాలి. ఇదే పదవ తరగతిలో మనం చదివిన సమాంతర సంధానం. శ్రేణిలో కలిపితే 230 వోల్టులు వాటి మధ్య చీలిపోతాయి; ఒకటి కాలిపోతే అన్నీ ఆరిపోతాయి.

ఇంటర్ సెలవుల్లో నేను తొందరపడి స్విచ్‌ను న్యూట్రల్‌కు కలిపాను. లైటు ఆరింది గానీ ఫేజ్ హోల్డర్‌లోనే ఉంది! షాక్ కొట్టి నిచ్చెన మీద నుండి పడ్డాను. నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

12 వాట్ల లైట్లు నాలుగయితే 48 వాట్లే. పాత బల్బుల డిమ్మర్‌కు ఆ లోడు చాలక లైట్లు మినుకుమనవచ్చు. అందుకే ఎల్.ఇ.డి. డిమ్మర్, 'డిమ్మబుల్' అని రాసి ఉన్న లైట్లే అడిగి కొనండి.