కేంబ్రిడ్జి సభలో కట్టమంచి

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1880వ సంవత్సరమున చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొనుచున్నపుడే, అచటి తెలుగు సంఘమువారు జరిపిన పోటీకై ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును రచించిరి. పిమ్మట ప్రభుత్వమువారి విద్యార్థి వేతనము లభింపగా, 1902లో ఇంగ్లండున కేగి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చరిత్ర నభ్యసించిరి.

ఆ ఊర ‘యూనియన్’ అను విద్యార్థుల చర్చాసభ కలదు. అది 1815లో స్థాపితమైనది. ఒక ప్రతిపాదనను కొందరు సమర్థింతురు, కొందరు ఖండింతురు. తుదకు సభ్యులు ఓటు వేసి దాని గెలుపోటములను నిర్ణయింతురు. సభ నడపు వారి నెన్నుకొనువారును సభ్యులే.

అప్పుడు భారతదేశము ఆంగ్లేయుల పాలనలో నుండెను. పాలితదేశపు యువకుడు పాలకుల బిడ్డల యెదుట, వారి భాషలోనే వాదించి మెప్పించుట సామాన్య విషయము కాదు. రామలింగారెడ్డిగారు దానిని సాధించిరి. ఆ సభకు ఉపాధ్యక్షుడుగా ఎన్నికైన మొదటి భారతీయుడు వారే.

స్వదేశమునకు మరలివచ్చిన పిదప వారు తమ జీవితమును విద్యాసేవకు వినియోగించిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము నెలకొన్నపుడు దానికి ప్రథమ ఉపాధ్యక్షులైరి. తిరిగి 1936 నుండి 1949 వరకు ఆ పదవిని నిర్వహించిరి. 1951లో పరమపదించిరి.

బాలలారా! నేడు మన యువతీయువకు లనేకులు పైచదువులకై విదేశములకు వెళ్లుచున్నారు. తరగతిలో నేర్చినది పరీక్షకు తోడ్పడును. పరుల నడుమ నిలిచి, ఎదిరి వాదమును ఓర్పుతో విని, తన మాటను నిర్భయముగా చెప్ప నేర్చుట బ్రతుకంతయు తోడ్పడును. అట్టి నేర్పును మీ పాఠశాల సభలయందే అలవరచుకొనుడు.